కొలను కింద నీళ్లు

సుభాషిణి కట్టించిన మొదటి ఈతకొలను ఒక మధ్యాహ్నం నేలలోంచి పైకి లేచింది.

హసన్‌పర్తి చెరువుకు దిగువన, కట్ట నుంచి రెండు పొలాల అవతల ఆమెకు అరెకరం స్థలం ఉంది. ప్రభుత్వ బడిలో ఇరవై ఆరేళ్లు వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసింది. ఆమె దగ్గర కబడ్డీ నేర్చుకున్న ఇద్దరు అమ్మాయిలు ఒక ఎండాకాలం వ్యవసాయ బావిలో మునిగి చనిపోయారు. ఆడపిల్లలకు ఈత నేర్పే చోటు ఒకటి ఉండాలని అప్పుడే అనుకుంది. గడువుకు ముందే ఉద్యోగం వదిలి, చేతికి వచ్చినదంతా పెట్టి కొలను కట్టించింది.

రెండు ఎండాకాలాలు బాగా నడిచింది. మూడో ఏడు వానలు వెలిశాక నీళ్లు పచ్చబడ్డాయి. కడిగి మళ్లీ నింపుదామని మోటరు పెట్టి మొత్తం తోడించింది. మరునాడు అన్నం తింటుండగా లారీ టైరు పేలినట్టు చప్పుడైంది. కంచం వదిలి పరుగెత్తి చూస్తే, లోతు వైపు గోడ గట్టు కంటే అడుగున్నర ఎత్తున నిలబడి ఉంది. అడుగున టైల్స్ నిలువునా చీలి, ఆ చీలికలోంచి బురదనీళ్లు ఊరుతున్నాయి. పైపులన్నీ విరిగిపోయాయి.

కట్టిన కాంట్రాక్టరు వచ్చి చూసి నేల మంచిది కాదన్నాడు. ఇంకొకాయన వాస్తు అన్నాడు. అసలు కారణం చెప్పినవాడు లియాఖత్ అలీ. ఆయన ఆ చుట్టుపక్కల నలభై ఏళ్లు బావులు తవ్వినవాడు. పక్క పొలంలో బావి పూడిక తీయించడానికి వచ్చి, కంచె మీదుగా ఆ విరిగిన కొలనును చూసి లోపలికి వచ్చాడు. దాని చుట్టూ ఒకసారి నడిచి, చేతికర్రతో గోడ మీద రెండు దెబ్బలు వేశాడు.

"టీచరమ్మా, ఇది పలగలే. తేలింది," అన్నాడు.

"తేలుడేంది చాచా? ఇంత సిమెంటు, ఇంత ఇనుము!"

"ఖాళీ బకెట్ తీసుకొని నీళ్ల తొట్ల అదిమి పట్టు. చెయ్యి తీస్తే ఏమైతది?"

"పైకి లేస్తది."

"గదే అయింది. చెరువు నిండితే మన కాళ్ల కింద కూడ నీళ్లు పైకొస్తయ్. కొలనుల నీళ్లున్నన్ని దినాలు ఆ బరువు దాన్ని కిందికి అదిమి పట్టింది. నువ్వు తోడిపిచ్చినవ్. అదిమేది లేకపాయె, లేసింది."

కొలను విరిగిన నాటి నుంచి సుభాషిణి తన తలరాతనే తిట్టుకుంటూ ఉంది. తెలిస్తే ఆగే సంగతి అది. ఆ మాట అర్థమయ్యేసరికి ఆమెకు ముందు కోపం వచ్చింది, తర్వాత ఊరట కలిగింది.

"మల్ల కడితే మల్ల గిట్లనే అయితదా?"

"నా బిడ్డ కడితే కాదు," అన్నాడు లియాఖత్ అలీ.

ఆయన బిడ్డ మెహనాజ్‌కు ముప్పై ఒకటి. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసింది. చిన్నప్పుడు తండ్రి వెంట బావుల దగ్గర తిరిగేది. ఇప్పుడు హన్మకొండలో సెల్లార్లలోకి నీళ్లు రాకుండా చేసే పనులు, నేలసంపులు కట్టించే పనులు పట్టుకుంటోంది. మనిషి సన్నగా ఉంటుంది గానీ గొంతు గట్టిది. చెప్పదలచుకున్నది ఒక్కసారే చెబుతుంది. అవతలివాళ్లు ఒప్పుకునేదాకా అక్కడి నుంచి కదలదు.

ఆమె ఆ స్థలానికి వానాకాలంలో నాలుగుసార్లు వచ్చింది. ఎండాకాలంలో రెండుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ చుట్టుపక్కల బావుల్లో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూసి రాసుకుంది. ఆ తర్వాతే పని ఒప్పుకుంది.

"మేడం, కింద నీళ్లు రాకుండ మనం ఆపలేం," అని సుభాషిణికి విడమరిచి చెప్పింది. "వచ్చినయి ఎటు పోవాలెనో అది మాత్రం మన చేతుల ఉంటది. కొలను కింద అడుగు మందం కంకర పోస్త. ఆ కంకరల బొక్కల పైపులు పరుస్త. నీళ్లు ఆ పైపులల్లకు దిగి, కొలను మూలకు ఒక చిన్న బావి తవ్విస్త కద, అందుల పడతయ్. బావి నిండితే మోటరు తోడేస్తది. ఎట్లనన్న మోటరు నడవలేదనుకో, కొలను అడుగుల ఒక వాల్వ్ పెడత. కింద నీళ్ల జోరు ఎక్కువైతే అది దానంతటదే తెరుచుకొని నీళ్లను కొలనులకు వదులుతది. లోపల, బయట నీళ్లు సమానమైతే ఇంక ఏదీ లేవదు."

"కొలనులకు బురదనీళ్లు వస్తయ్ కద?"

"వస్తయ్. కడుక్కోవచ్చు. విరిగిన కొలనును కడుక్కోలేం."

ఆ మాటకు సుభాషిణి నవ్వింది. "మొదలుపెట్టు," అంది.

పాత కొలనును పగలగొట్టి తీయడానికే నెల పట్టింది. సంక్రాంతి దాటాక కొత్తది మొదలైంది. ఎండలు ముదిరి చుట్టూ బావులు అడుగంటిన రోజుల్లో మెహనాజ్ అడుగు కాంక్రీటు వేయించింది. మూలన పది అడుగుల లోతు బావి తవ్వించి గుండ్రటి సిమెంటు ఒరలు దింపించింది. ఆ రోజు లియాఖత్ అలీ కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చున్నాడు. మోకాళ్లు అరిగిపోయి ఆయన కిందికి దిగలేడు. పైనుంచే ఒర ఎటు వంగుతోందో చెబుతూ ఉన్నాడు. బావి అయ్యాక మెహనాజ్ లోపలి వైపు, నేల నుంచి నాలుగు అడుగుల లోతున ఎర్ర రంగుతో అడ్డంగా గీత గీసింది.

"నీళ్లు ఈ గీతకు వచ్చినయంటే కొలను ఖాళీగ ఉండొద్దు," అని సుభాషిణికి చెప్పింది. "ఈ గీత నేను లెక్క కట్టి గీసిన. కాంక్రీటు బరువెంత, నీళ్ల జోరెంత అని. దీనికి కింద ఉన్నన్ని దినాలు ఫికర్ లేదు."

జూలై వచ్చేసరికి పని ముగింపుకు వచ్చింది. టైల్స్ వేసే సాంబయ్య, ఆయన మనుషులు అక్కడే రేకుల షెడ్డులో ఉండి పని చేస్తున్నారు. హైదరాబాద్ నుంచి రావాల్సిన వాల్వ్ మాత్రం ఆలస్యమైంది. దాని కోసం కొలను అడుగున నాలుగు అంగుళాల పైపు నోరు వదిలి, దానికి తాత్కాలికంగా ఒక మూత బిగించింది మెహనాజ్. అవసరమైతే మూత విప్పితే చాలు.

ఆ సమయంలో ఏటూరునాగారంలో ఒక హాస్టల్ సంపు పని చూడటానికి ఆమె రెండు రోజులు వెళ్లాల్సి వచ్చింది. అదే సమయంలో రమాకాంత్ కొలను దగ్గరికి వచ్చాడు.

రమాకాంత్ సుభాషిణి తమ్ముడు. హన్మకొండలో ఫ్లెక్సీలు ముద్రించే దుకాణం నడుపుతాడు. అక్క పడిన కష్టం చూసినవాడు. ఈసారి ప్రారంభోత్సవం ఘనంగా జరగాలని అన్ని పనులూ నెత్తిన వేసుకున్నాడు. ఆదివారం ముహూర్తం. మంగళవారం డ్రోన్ తెచ్చి పైనుంచి వీడియో తీయించాడు. నీలం టైల్స్ మధ్యలో నల్లటి మూత ఒకటి కంట్లో నలుసులా కనిపించింది.

"ఇదేంది సాంబయ్యా, మచ్చలెక్క?"

"వాల్వ్ పెట్టే జాగ సార్. మేడం ఉంచమన్నది."

"వాల్వ్ వచ్చినంక చూద్దాం. ఇప్పుడైతే మీద ఒక టైల్ ఏసెయ్. వీడియోల పాడుగ కనపడతాంది."

"మెహనాజ్ మేడంకు ఒక్క మాట..."

"నేను చెప్త లే."

సాంబయ్య మూత మీద సిమెంటు పోసి టైల్ అతికించాడు. వీడియో అందంగా వచ్చింది. ఆ సంగతి మెహనాజ్‌కు చెప్పడం రమాకాంత్ మరిచిపోయాడు.

బుధవారం సాయంత్రం వాన పట్టుకుంది. మామూలు వాన కాదది. లియాఖత్ అలీ ఇంటి ముందు నిలబడి కాసేపు చూసి బిడ్డకు ఫోన్ చేశాడు. "చెరువు మత్తడి దుంకేటట్టున్నది బేటా. నువ్వు ఆడ ఉండకు, రా." ఆమె అప్పటికే బస్సులో ఉంది.

గురువారం తెల్లవారేసరికి తండ్రి, కూతురు స్కూటీ మీద కొలను దగ్గరికి చేరారు. రెయిన్‌కోట్లు ఉన్నా ఇద్దరూ నిలువునా తడిసిపోయారు. చెట్లు విరిగి తీగల మీద పడటంతో ఆ వైపంతా కరెంటు లేదు. సుభాషిణి ముందే వచ్చి జనరేటరు వేయించింది. బావిలోని మోటరు దాని మీదే నడుస్తోంది. మెహనాజ్ నేరుగా బావి దగ్గరికి వెళ్లి లోపలికి వంగి చూసింది. నీళ్లు ఎర్ర గీతకు రెండు అడుగుల కింద ఉన్నాయి.

"మంచిగనే ఉన్నది మేడం. మోటరు ఆగకుంటే చాలు."

తొమ్మిదిన్నరకు చెరువు నిండి, నీళ్లు అలుగు మీదుగా పొర్లి మత్తడి దూకింది. ఆ హోరు కొలను దాకా వినిపించింది. పది కావస్తుండగా జనరేటరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సాంబయ్య దాన్ని విప్పి చూశాడు, తుడిచాడు, తాడు లాగాడు. అది కదలలేదు. మెకానిక్‌కు ఫోన్ చేస్తే, కల్వర్టు మీదుగా నీళ్లు పోతున్నాయి, బండి రాదన్నాడు. కొలను నింపడానికి పిలిచిన నీళ్ల ట్యాంకరు వాళ్లు కూడా అదే మాట అన్నారు.

మెహనాజ్ బావి అంచున కూర్చుని లోపలికే చూస్తూ ఉంది. నీళ్లు పెరగడం కంటికి తెలుస్తోంది. అరగంటలో ముక్కాలు అడుగు పెరిగాయి.

"ఎంత సేపట్ల గీతకొస్తయ్?" అని సుభాషిణి అడిగింది.

"ఇంకొక్క గంటకు, అంతే." మెహనాజ్ లేచి నిలబడింది. "మేడం, నేను అడుగు మూత విప్పుత. కింద నీళ్లు కొలనులకు వస్తయ్. ఆదివారం ఓపెనింగ్ కాదు. రెండు వారాలు పోతది. కొలను మాత్రం ఉంటది."

అప్పుడే వచ్చి గొడుగు మడుస్తున్న రమాకాంత్ ఆ మాట విన్నాడు.

"బురదనీళ్లు నింపుతవా? కొత్త టైల్స్ అవి! ఆదివారం రెండు వందల మంది వస్తాన్రు. పేపరోళ్లు వస్తాన్రు. వాన తగ్గొచ్చు కద, జర ఆగుదాం."

"వాన ఇప్పుడు తగ్గినా కింద నీళ్లు తగ్గవ్ అన్నా. చెరువు నిండుగున్నది. రెండు దినాలు పెరుగుతనే ఉంటయ్."

ఆమె మెట్లు దిగి కొలనులోకి వెళ్లింది. లోతు వైపు వాననీళ్లు పిక్కల దాకా నిలిచి ఉన్నాయి. వంగి, చేతులతో అడుగున తడుముకుంటూ వెతికింది. మూత తగలలేదు. ఇంకొంచెం అటు జరిగి వెతికింది. ఎక్కడ చెయ్యి పెట్టినా నున్నటి టైల్సే తగిలాయి. తల ఎత్తి సాంబయ్య వైపు చూసింది.

"కాకా, మూత ఏది?"

సాంబయ్య రమాకాంత్ వైపు చూశాడు. రమాకాంత్ గొడుగు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నేనే ఏయమన్న టైల్," అన్నాడు చివరికి. "వీడియో కోసం. నీకు చెప్దామనుకున్న, యాది మరిచిన."

మెహనాజ్‌కు కోపం ముంచుకొచ్చింది. కానీ ఆ మూత ఎందుకు పెట్టానో ఈ మనిషికి తాను ఒక్కసారి కూడా చెప్పలేదని అప్పుడే గుర్తొచ్చింది. సుభాషిణికి చెప్పింది, సాంబయ్యకు చెప్పింది. పూలదండలు, ఫ్లెక్సీలు చూసుకునే మనిషికి ఇవన్నీ దేనికి అనుకుని ఊరుకుంది.

"కొట్లాట తర్వాత పెట్టుకుందాం," అంది. "కాకా, సుత్తె, శానం తీసుకొని దిగు. జాగ నీకు యాదికున్నదా?"

"ఈ రెండు మూడు వరుసలల్లనే ఉండాలె బిడ్డా. అన్నీ ఒక్కతీరుగ ఉన్నయ్."

"పలగ్గొడతరా?" రమాకాంత్ గట్టు అంచు దాకా వచ్చాడు. "అక్కా, జర చెప్పు. అంత గట్టి కాంక్రీటు, ఈసారి డబుల్ ఇనుము ఏసినం. అది యాడ లేస్తది?"

గట్టు మీద కూర్చున్న లియాఖత్ అలీ కర్రతో నేల మీద కొట్టాడు. "బాబూ, ఇటు రా. ఇది చూడు."

కొలను గోడ, చుట్టూ ఉన్న గట్టు కలిసే చోట వెడల్పాటి సందు ఒకటి ఉంటుంది. ఆ సందు మీద నాలుగైదు చోట్ల మెహనాజ్ పలచగా సిమెంటు పట్టీలు వేసి ఉంచింది. కొలను వెంట్రుకవాసి కదిలినా ఆ పట్టీ పగులుతుంది. లోతు వైపు మూలన ఉన్న పట్టీ మీద పొద్దున లేని సన్నని పగులు ఒకటి ఇప్పుడు కనిపిస్తోంది.

రమాకాంత్ వంగి దాని మీద వేలు పెట్టి చూశాడు. "ఇది ఇప్పుడే అయిందా?"

"పొద్దుగాల నేను చూసినప్పుడు లేదు. లేసే ముందు గిట్లనే మెదులుతది," అన్నాడు లియాఖత్ అలీ.

సుభాషిణి కూడా ఆ పగులును చూసింది. ఆ రోజు విన్న చప్పుడు ఆమె చెవుల్లో మళ్లీ మోగింది. చీర కుచ్చిళ్లు ఎత్తి నడుము దగ్గర దోపుకుంది. మెట్లు దిగి, నీళ్లలో నడుచుకుంటూ మెహనాజ్ పక్కకు వెళ్లి నిలబడింది.

"కొట్టు," అంది. "ఎన్ని టైల్స్ పోయినా పోనీ."

మెహనాజ్ నడుముకున్న టేపు తీసింది. ఒక కొన సుభాషిణి చేతికి ఇచ్చి లోతు వైపు గోడకు ఆనించి పట్టుకోమంది. పైపు దింపిన రోజు ఆమెకు బాగా గుర్తుంది. ఆ గోడ నుంచి నాలుగు అడుగులు, ఎడమ గోడ నుంచి పదమూడు అడుగులు. నోటుపుస్తకం స్కూటీ డిక్కీలో ఉంది గానీ దాని అవసరం రాలేదు. నీళ్లలో చెయ్యి పెట్టి, ఆ రెండు కొలతలు కలిసిన చోట శానం నిలబెట్టింది.

"ఈడ."

"ఖాయమేనా?" అన్నాడు సాంబయ్య. చోటు తప్పి కాంక్రీటులో కొడితే ఇంకో తలనొప్పి.

"ఖాయమే కాకా. నా చేతులతోని పెట్టిన."

"నేను కొడతా, నువ్వు జరుగు."

"వద్దు. నేనే కొడత." బిస్మిల్లా అనుకుని సుత్తె ఎత్తింది.

నీళ్లలోంచి కొట్టడం వల్ల దెబ్బ మెత్తగా పడింది. నాలుగో దెబ్బకు టైల్ పగిలింది. ఆ ముక్కలు ఏరి పక్కన పడేసింది. అడుగున సిమెంటు తగిలింది. శానం వంచి అంచులు చెక్కింది. చేతివేళ్లు గీరుకుపోయి రక్తం వచ్చింది, నీళ్లలో అది ఆమెకు కనబడలేదు. ఇంకో పది దెబ్బల తర్వాత శానం కింద చప్పుడు మారింది. బోలుగా మోగింది.

"దొరికింది!" అన్నాడు సాంబయ్య.

పైన బావి దగ్గర నిలబడిన రమాకాంత్ అరిచాడు. "గీత అంటుకున్నయ్ నీళ్లు!" ఇందాకటి నుంచి అతను బావి లోపలికి వంగి గీతను చూస్తూనే ఉన్నాడు. ఎవరూ ఆ పని చెప్పలేదు.

మూత చుట్టూ సిమెంటు పట్టేసి ఉంది. తిప్పితే తిరగలేదు. మెహనాజ్ శానం మూత నడిమిట్లో పెట్టి, కాళ్లు ఎడంగా పెట్టి, రెండు చేతులా సుత్తె ఎత్తి కొట్టింది. మూడో దెబ్బకు మూత పగిలింది.

నీళ్లు ఎగిసి వచ్చాయి. పిక్కల లోతు వాననీటిని చీల్చుకుంటూ, ఎర్రటి మట్టి కలిసిన నీళ్లు ఆమె మొహం మీద కొట్టి, భుజాల పైకి లేచాయి. ఆమె వెనక్కి పడబోతే సుభాషిణి పట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని మెట్ల వైపు జరిగారు. సాంబయ్య సుత్తె అక్కడే వదిలేసి గోడ పట్టుకుని వచ్చాడు. వాళ్లు గట్టు ఎక్కేసరికి ఆ ధార మూడడుగుల ఎత్తున నిలబడి ఉంది. నీలం టైల్స్ ఒక్కో వరుస ఎర్రనీళ్ల కింద మునిగిపోతున్నాయి.

రమాకాంత్ ఫోన్ తీసి వీడియో తీశాడు. ఎందుకు తీస్తున్నాడో అతనికీ తెలియదు.

మెహనాజ్ చెయ్యి తుడుచుకుని మూలకు వెళ్లి సిమెంటు పట్టీని చూసింది. ఆ పగులు పెద్దది కాలేదు. పదిహేను నిమిషాలకోసారి చూసింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఎగిసే ధార కుంగి, నీటి మీద ఒక చిన్న గుండ్రటి అల మాత్రమే మిగిలింది. బావిలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో కొలనులోనూ అంతే ఎత్తున ఉన్నాయి.

"సమానమైనయ్," అన్నాడు లియాఖత్ అలీ. "ఇగ దానికి లేచే బలం లేదు." జేబులోంచి రుమాలు తీసి బిడ్డ వేళ్లకు కట్టాడు. పొగడ్త మాట ఒక్కటీ అనలేదు. కట్టు మాత్రం రెండుసార్లు విప్పి మళ్లీ బిగించాడు.

సుభాషిణి గట్టు మీద కూర్చుని ఆ ఎర్రటి నీళ్ల వైపు చూసింది. ఆదివారానికి అచ్చు వేయించిన ఆహ్వాన పత్రికలు, పిలిచిన మనుషులు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. ఆకలి వేసింది. "ఎవలన్న ఏమన్న తిన్నరా పొద్దటి నుంచి?" అని అడిగింది. షెడ్డులో సాంబయ్య మనుషులు అన్నం వండారు. అందరూ రేకుల కింద నిలబడే తిన్నారు.

రమాకాంత్ ప్లేటు పట్టుకుని మెహనాజ్ దగ్గరికి వచ్చాడు. "తప్పు నాదే చెల్లె."

"సగం నాది కూడ అన్నా. ఆ మూత ఎందుకున్నదో నీకు నేను చెప్పలే." అన్నం కలుపుకుంటూ ఆమె అంది. "ఈసారి చెప్త. నువ్వు ఒక బోర్డు ప్రింట్ చేసి ఇయ్యి. నేను రాసిస్త, ఈ గోడకు పెడదాం."

వాన శుక్రవారం రాత్రికి తగ్గింది. కరెంటు శనివారం వచ్చింది. కొలను తోడేద్దామని సాంబయ్య తొందరపడ్డాడు గానీ మెహనాజ్ ఒప్పుకోలేదు. ముందు బావిలో మోటరు వేసి, కింది నీళ్లను నాలుగు రోజులు తోడించింది. బావిలో నీళ్లు గీతకు మూడడుగుల కిందికి దిగి, మోటరు నడుస్తుండగా అక్కడే నిలిచాక కొలనును కొద్దికొద్దిగా ఖాళీ చేయించింది. రోజుకు అడుగున్నర కంటే ఎక్కువ తీయనివ్వలేదు. ప్రతి సాయంత్రం లెవెల్ ట్యూబు పట్టి నాలుగు మూలలూ చూసింది. నాలుగూ కట్టిన రోజు ఎంత ఉన్నాయో అంతే ఉన్నాయి. నూలుపోగంత కూడా తేడా లేదు.

అడుగున వేలెడు మందం బురద ఉంది. అందరూ కలిసి కడిగారు. సుభాషిణి పాత శిష్యురాళ్లు పదిహేను మంది పొరకలు పట్టుకుని వచ్చారు. వాళ్లలో కొందరు పిల్లల తల్లులు. టైల్స్ ఆరు పోయాయి, అంతే. వాల్వ్ వచ్చాక మెహనాజ్ తానే బిగించింది. దాని కింద వేలు పెట్టి పైకి నెట్టి, తెరుచుకుంటోందో లేదో సుభాషిణికి చూపించింది. రమాకాంత్‌కు కూడా.

గోడ మీద బోర్డు పెట్టారు. మెహనాజ్ రాసింది రాసినట్టు రమాకాంత్ ముద్రించాడు. వానాకాలంలో కొలను ఖాళీ చేయరాదు. ఖాళీ చేసే ముందు బావిలో నీళ్లు గీతకు ఎంత కింద ఉన్నాయో చూడాలి. అడుగు వాల్వ్ మీద ఏదీ కప్పరాదు. అనుమానం ఉంటే నింపి ఉంచాలి. కింద ఆమె ఫోన్ నంబరు ఉంది. ఆ నంబరు మాత్రం రమాకాంత్ సొంతంగా చేర్చాడు, మిగతా అక్షరాల కంటే పెద్దగా.

ఆగస్టు మూడో వారంలో కొలను తెరిచారు. పందిరి లేదు, డ్రోన్ లేదు. వాన తుంపర పడుతుండగా పద్దెనిమిది మంది ఆడపిల్లలు గట్టు మీద వరుసగా కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టారు. సుభాషిణి విజిల్ ఊదింది. మొదటి రోజు పాఠం నీళ్లలో మొహం ముంచి గాలి వదలడం. ఒకమ్మాయి భయపడి ఏడ్చింది. ఆ అమ్మాయి కోసం సుభాషిణి యాభై రెండేళ్ల వయసులో పదిసార్లు తానే మునిగి లేచి చూపించింది.

ఎర్రనీళ్లు ఎగిసిన వీడియో అప్పటికే వరంగల్ అంతా తిరిగింది. రమాకాంత్ దాన్ని నలుగురికే పంపానన్నాడు. తండ్రి పక్కన కూర్చుని పిల్లల ఈత చూస్తున్న మెహనాజ్‌కు ఆ ఉదయం ఫోన్ వచ్చింది. ములుగు రోడ్డులో ఫామ్‌హౌస్ ఉన్న ఒకాయన. వాళ్ల కొలను నీళ్లు కంపు కొడుతున్నాయట.

"మొత్తం తోడేయమని మనుషులకు చెప్పిన మేడం. మోటరు పెడతాన్రు. ఊకె ఒక మాట అడుగుదామని చేసిన."

"మోటరు బంద్ చేపియ్యున్రి," అంది మెహనాజ్. అప్పటికే లేచి నిలబడి, స్కూటీ తాళం కోసం వెతుకుతోంది. "నేను వచ్చేదాక ఒక్క బకెట్ కూడ తియ్యొద్దు. మీ పక్కన బావి ఉన్నదా? లేకపోతే బోరన్న ఉంటది కద. అందుల నీళ్లు ఎంత లోతున్నయో చూసి పెట్టున్రి. నలభై నిమిషాలల్ల ఆడుంట."

లియాఖత్ అలీ కర్ర ఆనించుకుని లేచాడు. "నేను కూడ వస్త," అన్నాడు.

"మోకాళ్లు నొస్తలేవా అబ్బా?"

"నొస్తానయి," అంటూ ఆయన స్కూటీ వైపు నడిచాడు.